ఇంటి వసారాలో ఇంగ్లీషు

మా పొరుగింట ఆరేండ్ల బాలుడొకడు కలడు. బడిలో చేరువరకు వాని నోటికి విరామమే లేకుండెను. ఉదయము లేచినది మొదలు మా వసారాలో చేరి, జామచెట్టు మీది ఉడుతను గూర్చి రోజున కొక కథ చెప్పుచుండెడివాడు. వానిని ఆంగ్ల మాధ్యమమున చేర్చిన రెండు నెలలకు ఆ కథలు నిలిచిపోయెను. ఒకనాడు మధ్యాహ్నము తడిసిన లాగుతో ఇల్లు చేరెను. తల్లి కన్నీరు పెట్టుకొని, "బయటికి వెళ్తానని అడగలేకపోయావా నాన్నా?" అనగా, "తెలుగులో అడిగితే కోప్పడతారమ్మా. ఇంగ్లీషులో ఎట్లా అడగాలో నాకు రాదు" అనెను.

ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇతరుల తప్పెన్నుటకు మాకు మొగము లేదు. మా పెద్దమ్మాయికి ఇంగ్లీషు నేర్పునప్పుడు మేమును బెత్తము పట్టినవారమే. అది వంద మాటల స్పెల్లింగులు అప్పజెప్పెడిది గాని, ఇంటికి వచ్చిన అతిథికి ఒక్క ముక్క బదులు చెప్పలేకపోయెడిది.

ఇది ఒక్క ఇంటి చిక్కు గాదు. ఐదవ తరగతి వరకైనను, వీలున్న చోట, మాతృభాషలో బోధింపవలెనని 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. తెలంగాణమున 2022-23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిది తరగతులకు ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టి, తెలుగును ఆంగ్లమును పక్కపక్కన అచ్చువేసిన పుస్తకములు ఇచ్చిరి. పెద్దల వాదములు పెద్దలకు విడిచెదము. రేపు ఉదయము బడికి పోవలసిన పిల్లవాని మాట యేమి?

మరునాటి సాయంకాలము వానిని, వీథిలోని మరి నలుగురిని మా వసారాలో కూర్చితిమి. పలకలు తేవద్దంటిమి. మేము "స్టాండ్ అప్" అనుచు లేచితిమి. "సిట్ డౌన్" అనుచు కూర్చుంటిమి. "టచ్ ది డోర్" అనుచు తలుపు ముట్టితిమి. పిల్లలు మమ్ము జూచి అట్లే చేసిరి. మారు పలుకుమని ఎవ్వరిని అడుగలేదు. చంటిపిల్ల "ఇటు రా", "బొమ్మ తే" అను మాటలకు చెప్పినట్లు చేయును గదా! దానికి మాటలు వచ్చుట ఎన్నో నెలల తరువాతి సంగతి. అమెరికా మనస్తత్త్వవేత్త జేమ్స్ ఆషర్ 1960వ దశకమున ఈ మార్గమునే ఒక బోధనాపద్ధతిగా రూపొందించెను. పది దినములు గడచిన పిమ్మట మా బాలుడు తానే లేచి, "మామ్మగారూ, స్టాండ్ అప్!" అని మాకు ఆజ్ఞ యిచ్చెను. మోకాళ్ల నొప్పి మరచి లేచితిమి.

పిదప ద్వారపాలకుని ఆట పెట్టితిమి. ఒకడు గుమ్మమున నిలుచును. "మే ఐ గో అవుట్, ప్లీజ్?" అన్నవానికే దారి. పుస్తకములలో ఈ వాక్యము ఏ పాఠమున వచ్చునో గాని, బడికి పోవు బిడ్డకు తొలిపాఠము ఇదియే కావలెనని మా అభిప్రాయము.

అక్షరముల దగ్గర మాత్రము వాడు మమ్ము నిలదీసెను. "సీ, ఏ, టీ కలిపితే సీయేటీ కావాలి గదా, క్యాట్ ఎట్లా అయింది?" అనెను. వాని ప్రశ్నలో తప్పేమున్నది? మన 'క'ను క అని పిలుతుము, క అనియే పలుకుదుము. ఇంగ్లీషులో అక్షరము పేరొకటి, ధ్వని యొకటి. పైగా అక్షరములు 26, ధ్వనులు ఇంచుమించు 44. అందుచేత పేర్లను కొన్నాళ్లు అటక యెక్కించి, పాత శుభలేఖల వెనుక ఆరక్షరములు వ్రాసి ధ్వనులే చెప్పితిమి. ట్, యా, ప్ కలిపిన ట్యాప్; ప్, ఇ, న్ కలిపిన పిన్. ముక్కలను అటునిటు మార్చి పిల్లలు తామే టిన్, న్యాప్, ప్యాన్ అను మాటలు కట్టిరి. తొక్కుడుబిళ్ల గళ్లలోను ఆ యక్షరములే వ్రాసితిమి.

ఉచ్చారణకు నిలువుటద్దము చాలును. 'వ్యాన్' అనునప్పుడు పైపళ్లు క్రింది పెదవిని తాకవలెను. 'వాటర్' అనునప్పుడు పెదవులు గుండ్రముగా ముడువవలెను. మన 'వ' ఒక్కటే రెండు చోట్లను పనిచేయుటచే ఈ భేదము మనకు చిక్కదు. 'పెన్' అనునప్పుడు నోటి యెదుట పట్టిన కాగితపు ముక్క కదలవలెను. ఆ కాగితము కొరకు పిల్లలు కొట్లాడుకొనిరి. ఇంగ్లీషున 'బస్' అని ఆపుట నేర్పితిమి గాని, తెలుగున 'బస్సు' అన్నందుకు నవ్వవద్దని గట్టిగా చెప్పితిమి. అచ్చుతో ముగియుట మన పలుకుబడి. అది తప్పు గాదు.

ఒకనాడు కూరల గంపతో అంగడి ఆట ఆడుచుండగా వాని తల్లి వచ్చి గుమ్మము కడనే నిలిచెను. "నాకు ఇంగ్లీషు రాదు పిన్నిగారూ, వాడికి నేనేం చెప్పగలను?" అనెను. చెప్పనక్కరలేదు, కొనుమంటిమి. ఆమె టొమేటోను చూపి "టూ" అనగా, "టూ టొమేటోస్, ప్లీజ్ అనాలమ్మా!" అని దుకాణదారుడు దిద్దెను. ఆమె సిగ్గుపడుచునే మరల అనెను. అంత సంతోషముగా తల్లికి పాఠము చెప్పిన గురువును మేము చూడలేదు. ఇంగ్లీషు త్వరగా వచ్చునని ఇంటిలో తెలుగు మాన్పించు తల్లులను మేమెరుగుదుము. బడిలో మూగవోయిన బిడ్డకు ఇంటిలోనైనను నోరు తెరచు చోటు వలదా? మా వసారాలో ఆట ముగిసిన పిమ్మట తెలుగు కథ తప్పనిసరి.

మొన్న శుక్రవారమునాడు వాడు బడినుండి నేరుగా మా యింటికి పరుగెత్తుకొని వచ్చెను. సంచి యింకను భుజముననే యున్నది.

"మామ్మగారూ, ఇవాళ అడిగాను."

"వెళ్లనిచ్చారా?"

"ఆఁ. నా పక్కవాడికి అడగడం రాదు. వాడికోసం కూడా నేనే అడిగాను."

అని, సంచి దింపి, జామచెట్టు వంక చూచి, "ఆ ఉడుత ఏమైందో తెలుసా?" అని మొదలుపెట్టెను.