ఆల్టర్నేటర్‌కి కాస్త జాగా!

షోరూంకి వెళ్లి తాళాలు తెచ్చుకుంటే కారు మనదవుతుంది. కానీ బ్రిటన్‌లో కొందరికి అలా వచ్చిన కారు సొంతకారులా అనిపించదు. విడిభాగాలు డబ్బాల్లో ఇంటికి రావాలి. ఇంటి పక్కనున్న ఇరుకు గ్యారేజీలో నెలల తరబడి వాటిని ఒక్కొక్కటిగా బిగించాలి. చేతులకు గ్రీజు అంటాలి. అప్పుడే అది ‘నా కారు’. ఇదే కిట్ కార్ల లోకం. అది పుట్టి పెరిగిన ఊళ్లను ఓసారి చుట్టివద్దాం. కుర్రాళ్ల నుంచి తాతయ్యల దాకా అక్కడ అందరితో తల గోక్కునేలా చేసే ఓ చిన్న వస్తువు దగ్గర కాసేపు ఆగుదాం. దాని పేరు ఆల్టర్నేటర్!

హోటల్ వెనక గుర్రాలశాలలో...

ఉత్తర లండన్‌లో మజ్వెల్ హిల్, హార్న్‌సీ పక్కపక్కనే ఉండే పేటలు. ఎర్ర ఇటుకల ఇళ్లు, ఎత్తుపల్లాల వీధులు... చూడ్డానికి కార్ల చరిత్రలో చోటున్న ప్రాంతంలా కనిపించవు. కానీ కాలిన్ చాప్‌మన్ అనే కుర్రాడు 1948లో తన మొదటి కారును తయారుచేసింది మజ్వెల్ హిల్‌లోనే. స్నేహితురాలి ఇంటి వెనకున్న గ్యారేజీలో, ఓ పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పి దాన్ని తనకు నచ్చినట్లు మార్చుకున్నాడు. ఆ స్నేహితురాలే తర్వాత అతడి భార్య అయింది. 1952లో పెట్టిన లోటస్ కంపెనీకి తొలి చిరునామా హార్న్‌సీలోని టాటెన్‌హామ్ లేన్. అక్కడ చాప్‌మన్ తండ్రి నడిపే రైల్వే హోటల్ వెనకున్న గుర్రాలశాలే వర్క్‌షాప్.

1957లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో ‘లోటస్ సెవెన్’ జనం ముందుకు వచ్చింది. ఇనుప గొట్టాల చట్రం, దానిమీద పల్చటి అల్యూమినియం రేకు, రెండే సీట్లు. ఏసీ సంగతి దేవుడెరుగు, సరైన తలుపులే లేవు! 1,172 సీసీ ఫోర్డ్ ఇంజిన్ ఇచ్చేది 40 హార్స్‌పవరే. అయినా కారు మన మారుతీ 800 కన్నా తేలిక కాబట్టి రోడ్డు మీద దూసుకుపోయేది.

పన్ను చేసిన మేలు

ఆ రోజుల్లో బ్రిటన్‌లో కొత్త కారు మీద కొనుగోలు పన్ను భారీగా ఉండేది. తయారైన సెవెన్ ధర పన్నుతో కలిపి 1,036 పౌండ్లు. అదే విడిభాగాలుగా కొనుక్కుంటే 536 పౌండ్లే! విడిభాగాల మీద ఆ పన్ను లేదు మరి. కాకపోతే ఎలా బిగించాలో చెప్పే పుస్తకం జతచేస్తే అది కారు కిందే లెక్క. దానికి చాప్‌మన్ ఓ ఉపాయం పన్నాడని చెప్పుకుంటారు. ఎలా బిగించాలో కాకుండా, ఎలా విప్పాలో రాసిచ్చాడట. కొన్నవాళ్లు దాన్ని వెనక నుంచి ముందుకు చదువుకోవడమే!

పన్ను తప్పించుకుందామని స్పానర్ పట్టుకున్నవాళ్లకు ఆ పనే వ్యసనమైపోయింది. 1973 ఏప్రిల్‌లో కొనుగోలు పన్ను పోయి వ్యాట్ వచ్చింది. దాంతో కిట్ కొన్నా పెద్దగా ఆదా లేకుండా పోయింది. అలవాటు మాత్రం పోలేదు.

కొండ మీద ఊరు కాపాడింది

లోటస్ 1959లో హార్న్‌సీ వదిలి చెషంట్‌కీ, 1966లో నార్ఫోక్‌లోని హెథెల్‌కీ వెళ్లింది. హెథెల్ రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ బాంబర్ విమానాలు ఎగిరిన స్థావరం. కార్లను పరీక్షించడానికి ఆ రన్‌వేలు బాగా పనికొచ్చాయి. కంపెనీ పెద్దదయ్యేకొద్దీ చాప్‌మన్‌కి కిట్ కారు మీద మోజు తగ్గింది. ఖరీదైన కార్ల వైపు మనసు మళ్లింది.

అప్పుడు సెవెన్‌ను ఆదుకున్న ఊరు కేటర్‌హామ్. లండన్ నుంచి దక్షిణంగా గంటలోపు ప్రయాణం. రైలు అక్కడితో ఆఖరు. ఊరు సగం లోయలో, సగం సుద్దరాతి కొండ మీద ఉంటుంది. అక్కడ గ్రాహమ్ నియర్న్ అనే డీలర్ 1959 నుంచీ లోటస్ కార్లు అమ్మేవాడు. 1960ల్లో పేరుమోసిన ‘ది ప్రిజనర్’ టీవీ సీరియల్‌లో హీరో నడిపింది సెవెన్‌నే. ఆఖరి ఎపిసోడ్‌లో ఆ కారును తెచ్చి ఇచ్చే మనిషిగా నియర్న్ తెరమీద కూడా కనిపించాడు. 1973లో సెవెన్ తయారీ హక్కులను ఆయనే కొనుక్కున్నాడు. 1987లో తయారీ డార్ట్‌ఫోర్డ్‌కి మారింది. 2021లో జపాన్‌కి చెందిన వీటీ హోల్డింగ్స్ చేతికి వెళ్లింది. కేటర్‌హామ్ ఊళ్లో ఇప్పుడు ఆ షోరూం లేదు. ఊరి పేరు మాత్రం కారు ముక్కు మీద మిగిలిపోయింది.

ఇంజిన్ వచ్చింది... మరి ఇది?

దాదాపు డెబ్భై ఏళ్లుగా ఆకారం పెద్దగా మారని ఈ కారులో మారుతూ వచ్చింది ఇంజినే. పాత ఇంజిన్లు అరిగిపోతాయి. విడిభాగాలు దొరకవు. అందుకే సెవెన్‌నీ, దాన్ని చూసి పుట్టిన కిట్ కార్లనూ నడిపేవాళ్లు పాతసామాను దుకాణాల మీద పడతారు. ఏ ఫోర్డ్ ఫోకస్‌దో, ఏ మాండియోదో మంచి ఇంజిన్ దొరికితే తెచ్చుకుంటారు. గేర్‌బాక్సుకు తగిలించేందుకు కావాల్సిన సామాను బజార్లో దొరుకుతుంది. ఇంజిన్‌ను గొలుసుకు వేలాడదీసి మెల్లగా చట్రంలోకి దింపుతారు. పని అయిపోయిందనుకునేలోపే ‘ఠప్’మని ఏదో తగులుతుంది. చూస్తే... ఆల్టర్నేటర్!

బ్యాటరీ మన మేడమీది వాటర్ ట్యాంకు అయితే, ఆల్టర్నేటర్ దాన్ని నింపే మోటారు. ఇంజిన్ తిరుగుతుంటే బెల్టుతో ఇదీ తిరిగి కరెంటు ఇస్తుంది. అది లేకపోతే లైట్లు, ఇగ్నిషన్, పెట్రోలు పంపు అన్నీ బ్యాటరీని పీల్చేస్తాయి. కాసేపటికి కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

చిక్కెక్కడంటే- ఫోకస్ లాంటి ఫ్యామిలీ కారులో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. చుట్టూ బోలెడు జాగా. సెవెన్‌లో అదే ఇంజిన్ పొడవునా కూర్చోవాలి. బానెట్ సన్నగా, ముందుకి పోయేకొద్దీ కోసుగా ఉంటుంది. అక్కడా మనలాగే కుడిచేతి స్టీరింగ్ కాబట్టి స్టీరింగ్ రాడ్డు కుడిపక్క నుంచి కిందికి దిగుతుంది. సైలెన్సర్ గొట్టాలు ఏ పక్కన బయటికొస్తే అక్కడ సెగ. పైన బానెట్ రేకు, కింద రోడ్డు. ఉమ్మడి కుటుంబంలో కొత్త అల్లుడికి గది వెతికినట్టే ఉంటుంది వ్యవహారం!

జాగా వెతికే విద్య

అనుభవం ఉన్నవాళ్లు ముందు చూసేది ఖాళీ అయిన చోట్లను. ఫ్యామిలీ కారు ఇంజిన్‌కి పవర్ స్టీరింగ్ పంపు, ఏసీ కంప్రెసర్ ఉంటాయి. ఇంత తేలిక కారుకి అవి అక్కర్లేదు. వాటిని తీసేస్తే ఇంజిన్ దిమ్మెకి బోల్టు రంధ్రాలు సిద్ధంగా ఉంటాయి. ఆల్టర్నేటర్‌ను అక్కడికి దింపొచ్చు. అప్పటికీ పట్టకపోతే సైజు తగ్గించాలి. చిన్న ట్రాక్టర్లకు వాడే బుల్లి ఆల్టర్నేటర్లంటే ఈ గ్యారేజీల్లో ఎంతో ఇష్టం. ఏసీ, పవర్ కిటికీలు లేని కారుకి ఎక్కువ కరెంటు ఎందుకు?

తర్వాతది బ్రాకెట్. ముందు అట్టముక్కతో నమూనా కోసుకుని పెట్టి చూస్తారు. కుదిరాకే మందపాటి ఇనుప పలకను కోయడం. పల్చటిదైతే ఇంజిన్ అదురుకు కొన్నాళ్లకే పగులుతుంది. ఆ బ్రాకెట్‌ను ఇంజిన్‌కే బిగించాలి తప్ప చట్రానికి కాదు. రబ్బరు దిమ్మెల మీద కూర్చున్న ఇంజిన్ నిరంతరం కదులుతుంటుంది. చట్రం కదలదు. ఒక కొస కదిలి రెండోది కదలకపోతే బెల్టు బతకదు.

పుల్లీలన్నీ ఒకే గీత మీద ఉండాలి. నిటారైన ఇనుప స్కేలును వాటి ముఖాలకు ఆనించి చూస్తే తేడా కనిపిస్తుంది. కొద్ది తేడా ఉన్నా బెల్టు కీచుమంటుంది, అంచులు అరుగుతుంది. బెల్టు దారి మారినప్పుడు వాటర్ పంపు తిరిగే దిక్కూ చూసుకోవాలి. అది వెనక్కి తిరిగితే ఇంజిన్ కాగిపోతుంది. సైలెన్సర్ గొట్టం దగ్గరైతే మధ్యలో రేకు అడ్డుపెట్టాలి. లేదంటే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు వేడికి మాడతాయి.

చివరికి వైర్లు. చోటు మారితే బ్యాటరీకి వెళ్లే లావు వైరు పొడవు మారుతుంది. రేకు అంచుకు రాసుకోకుండా దానికి తొడుగు వేయాలి. మీటర్ల దగ్గరి చిన్న ఎర్రలైటు వైరును మర్చిపోకూడదు. చాలా ఆల్టర్నేటర్లకు ‘ఇక పని మొదలుపెట్టు’ అని చెప్పేది అదే. ఇంజిన్ రబ్బరు మీద కూర్చుంది కాబట్టి చట్రానికి ఎర్తింగ్ పట్టీ తప్పనిసరి. అన్నీ సరిగ్గా ఉంటే, ఆపి ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపే బ్యాటరీ, ఇంజిన్ నడుస్తుంటే 14 దగ్గరికి చేరుతుంది. మీటరులో ఆ అంకె కనిపించిన రోజు ఆ ఇంట్లో పండగే!

పరీక్ష పాసైతేనే...

ఇంట్లో కట్టిన కొత్త కారు నేరుగా రోడ్డెక్కకూడదు. 1998 నుంచి బ్రిటన్‌లో ఇలాంటి కార్లకు విడిగా పరీక్ష ఉంది. 2009లో దాని స్థానంలో ఇంకా కఠినమైనది వచ్చింది. బ్రేకులు, లైట్లు, పొగ, చప్పుడు అన్నీ చూస్తారు. పాదచారికి తగిలే అంచులు మొనదేలి ఉండకూడదు. వాటి గుండ్రదనం కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. పట్టడంలేదని బానెట్‌కి కంతపెట్టి ఆల్టర్నేటర్‌ను బయటికి తీస్తే, దాని అంచులకూ ఈ లెక్క తప్పదు. స్వేచ్ఛ ఇచ్చారు కానీ, దాని పక్కనే కొలబద్ద కూడా పెట్టారన్నమాట.

మన దగ్గర ఆటోనగర్లలో ఇంతకన్నా క్లిష్టమైన పనులు చేసే మేస్త్రీలకు కొదవలేదు. కానీ చట్టం వేరు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంజిన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ఉండాలి, ఆర్సీలో నమోదు చేయించాలి. సొంతంగా కట్టిన కారును పరీక్షించి రోడ్డెక్కించే మార్గం సామాన్యుడికి అందుబాటులో ఉంటే, మన మేస్త్రీల చేతిపని ఏ స్థాయిలో ఉండేదో!

2023లో కేటర్‌హామ్ కంపెనీ ఎలక్ట్రిక్ సెవెన్ నమూనాను చూపించింది. అందులో పెట్రోలు ఇంజినూ లేదు, బెల్టూ లేదు, ఆల్టర్నేటరూ లేదు. హమ్మయ్య, గొడవ వదిలిందనుకుంటున్నారా? ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీ కరెంటును లైట్లకు సరిపడేలా తగ్గించడానికి ఓ పెట్టె ఉంటుంది. ఆ సన్నటి బానెట్ కింద ఇక దానికి జాగా వెతకాలి!