కాలువ వెంట – బంతి వెంట



కర్నూలు, కడప మండలములను గూర్చి వ్రాయువారు సాధారణముగా అహోబిలమునో, మహానందినో, దేవుని కడపనో వర్ణింతురు. ఆ పుణ్యక్షేత్రములను మేమును సేవించినవారమే. కాని యీ మారు మేము చెప్పబోవునది వేఱొక యాత్ర. 2025వ సంవత్సరము జూన్ నెలలో, నానాఖండముల ఫుట్‌బాలు విజేతలు అమెరికాలో గూడి పోరాడుచుండగా, మేము బంధుకార్యము మీద కర్నూలునుండి కడపకు పోయితిమి. దారిపొడవునను ఆ యాటయే మాకు తోడయ్యెను. మన యిండ్లలోని ఆడపిల్లలకు సంబంధించిన యొక చిక్కు అందులో నిమిడియున్నందున, ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తుంగభద్రకును హంద్రికిని కూడలియైన పట్టణము కర్నూలు. నడుమ కొండారెడ్డి బురుజు నిలిచి యున్నది. 1953 అక్టోబరు 1వ తేదీ మొదలు 1956 వఱకు ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యపట్టణ మిదియే. వేసవిలో నది యిసుకతోను బండలతోను వెలవెలబోవును. ఐనను 2009 అక్టోబరులో ఆ నదియే పొంగి పట్టణమును ముంచివేసెను. కఱవునకును వఱదకును నడుమ బ్రదుకుట యీ సీమవారికి పుట్టుకతో వచ్చిన విద్య.

ఉదయమున మైదానము ప్రక్కగా పోవుచు చూచితిమి. పదిమంది పిల్లలలో ఎనమండ్రుగురి చేత క్రికెట్టు బ్యాటే. ఒక మూలను మాత్రము కొందఱు చెప్పులు రెండేసి పెట్టి గోలు గుఱుతు చేసికొని, బంతిని కాలితో తన్నుచుండిరి. మా వారు బడిపంతులగుటచే ఎక్కడ పిల్లలు కనబడినను నిలువక మానరు. "ఆ యాటకు కఱ్ఱలు కావలెను, తొడుగులు కావలెను. దీనికి బంతి యొక్కటి చాలును. లోకములోని పేదపిల్ల లందఱును దీనిని పట్టుకొన్నది అందుకే" అని వారనిరి.

మా దారి యించుమించుగా కర్నూలు-కడప కాలువ దారియే. దీనినే జనులు కె.సి. కాలువ యందురు. కర్నూలునకు ఎగువ సుంకేసుల యొద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అచటినుండి కడప దాక సుమారు 300 కిలోమీటర్లు దీనిని త్రవ్విరి. 1860 తరువాతి పదేండ్లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు ఈ పని సాగించిరి. పైరునకు నీరు, పడవలకు దారి, రెండును సమకూరునని వారి యాశ. లాభము రాలేదు. 1882లో ప్రభుత్వమువారు దానిని తీసికొనిరి. పడవల మాట పోయినది కాని పైరుల మాట నిలిచినది. ఐతే మొదటి యూళ్ళకు నిండుగా పాఱు నీరు చివరి యూళ్ళను చేరునప్పటికి సన్నగిల్లును. ఈ సంగతి మీరు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో ముందు మాకు పని యున్నది.

ఇక ఆ పోటీ యెట్టిదో చెప్పెదము. మన సీమలో తిరునాళ్ళకు ఎద్దులచేత బండలాగించు పందెములు మీరెఱిగినవే. ఊరిలో మేటియైన జత ప్రక్కయూరి తిరునాళ్ళకు పోవును. అచట గెలిచినచో జిల్లా దాటి పోవును. ఫుట్‌బాలు క్లబ్బులును అంతియే. ఒక్కొక్క దేశములో గెలిచిన క్లబ్బులు ఆ ఖండపు పోటీకి పోవును. ఖండములో గెలిచినది తక్కిన ఖండముల విజేతలతో తలపడును. 1960లో ఈ పద్ధతి మొదలైనప్పుడు యూరపునకును దక్షిణ అమెరికాకును మాత్రమే యిందు ప్రవేశము. ఆ యేట స్పెయిను దేశపు రియల్ మాడ్రిడ్ జట్టు ఉరుగ్వే దేశపు పెన్యారోల్ జట్టును గెలిచినది. 1980 మొదలు ఏటేట ఒకే యాటగా జపానులో జరిగినది. 2000 సంవత్సరమున బ్రెజిలులో ఆసియా, ఆఫ్రికా మొదలగు ఖండములకును చోటు దొరకినది. 2004తో పాత పోటీ ముగిసి, 2005 మొదలు సర్వఖండముల పోటీ స్థిరపడినది. 2010లో కాంగో దేశపు మజెంబే జట్టు ఆఫ్రికానుండి మొట్టమొదట తుదియాట దాక పోయినది. 2025లో 32 క్లబ్బులను పిలిచి అమెరికాలో నెలదినములు నడపిరి. జూలై 13న చెల్సీ జట్టు పారిస్ జట్టును 3-0 తో ఓడించి కప్పు గొనిపోయెను. ఏటేటి చిన్న పోటీ మరల 2024నుండి ఖండాంతర కప్పు అను పాత పేరుతోనే నడచుచున్నది. 2025 డిసెంబరులో ఖతారులో పారిస్ జట్టు బ్రెజిలు దేశపు ఫ్లమెంగోను గెలిచి దానిని పొందినది.

నంద్యాల దాటి ఆళ్ళగడ్డ, చాగలమఱ్ఱి మీదుగా పోవుచుండగా, ఎడమప్రక్క నల్లమల కొండలు నీలముగా సాగివచ్చినవి. నల్లరేగడి నేల నెఱ్ఱెలు విచ్చి వానకై నోరు తెఱచియుండెను. ఇండ్లముందు నాపరాళ్ళ అరుగులు సెగలు గ్రక్కుచుండెను. మైదుకూరునకు ఈవల నొక పల్లెలో మా వారి పెదతండ్రిగారి యింట ఆ రాత్రి నిలిచితిమి. ఆ యింటివారికి కాలువ చివర కొంత భూమి కలదు. నీరందిన యేడు వరియు పసుపును, అందని యేడు అప్పును పండించుకొందురు.

ఊరిచెఱువు ఎండియుండెను. సాయంకాలమున ఆ చెఱువు కడుపే పిల్లలకు ఆటస్థలము. వాన వచ్చినచో ఊరికి అన్నము దొరకును, పిల్లలకు మైదానము పోవును. అందుచేత ఆ పిల్లలు మబ్బును చూచి సంతోషింపవలెనో దుఃఖింపవలెనో యెఱుగక నిలుతురు. బావగారి కూతురు పదునాలుగేండ్లది. ఆ చెఱువులో మగపిల్లలకు దీటుగా పరుగెత్తునట. అప్పటికి నాలుగు నెలల క్రిందట పిల్ల పెద్దమనిషి కాగా, ఇంటివారు ఆట మాన్పించిరి. ఆమె గట్టున కూర్చుండి చూచుచుండెను. మమ్ము చూచి, "చిన్నమ్మా, చెఱువు నిండేలోపల ఒక్క వారమన్నా ఆడనీమని జేజికి చెప్పు" అని అడిగెను.

మేము ఆ మాట యెత్తగా అత్తగారు తేల్చి చెప్పిరి. "ఏమ్మా కోడలా, నువ్వు చదువుకున్నదానివి. రేపు కాలిరిగితే దీన్ని ఎవరు చేసుకుంటారు? ఊరోళ్ళ నోళ్ళు నువ్వొచ్చి మూస్తావా?"

ఆమె భయము వట్టిది కాదు. పల్లెలో కూతురు పెండ్లి యనగా నేమో అత్తగారికి తెలిసినంత మాకు తెలియదు. వాదింపక, రాత్రి భోజనములైన పిమ్మట వాకిట మంచముల మీద కూర్చుండి మేమొక కథ చెప్పితిమి. దండి దశకుమారచరిత్రమును మన కేతన తెనిగించి తిక్కనసోమయాజికి అంకితమిచ్చెను. మూలములో కందుకావతి యను రాజపుత్రి కలదు. గుణవంతుడైన భర్త లభించుటకై, ఏడవయేట మొదలు పెండ్లి యగువఱకు, నెలనెల కృత్తికానక్షత్రమునాడు అందఱు చూచుచుండగా బంతియాడి తన్ను కొలువుమని వింధ్యవాసినీదేవి ఆ పిల్ల తండ్రిని ఆజ్ఞాపించెను. ఊరూరివారు ఆ కందుకోత్సవమునకు వచ్చి చూచిరే కాని యెవరును తప్పుపట్టలేదు. అత్తగారు విని, "అమ్మవారే ఆడమన్నదా?" అని యడిగి, తాంబూలము నములుచు ఊరకుండిరి.

అది జూన్ 24వ తేదీ. రాత్రి పండ్రెండున్నర దాటిన తరువాత అమెరికాలో న్యూజిలాండు దేశపు ఆక్లండ్ సిటీ జట్టునకును అర్జెంటీనా దేశపు బోకా జూనియర్స్ జట్టునకును ఆట. ఉక్కచే నిద్రపట్టక, మా వారి సెల్‌ఫోనును నీళ్ళబిందెకు ఆనించి అందఱును చూచితిమి. బోకావారు ఈ ఖండాంతర కప్పును 1977, 2000, 2003 సంవత్సరములలో గెలిచినవారు. ఆక్లండువారో, పగలు వేఱు వేఱు కొలువులు చేసికొనుచు సాయంకాలము ఆడువారు. సెలవు పెట్టి అమెరికా వచ్చిరి. అంతకుముందే జర్మనీ దేశపు బాయర్న్ జట్టు వారిని 10-0 తోను, పోర్చుగలు దేశపు బెన్‌ఫికా 6-0 తోను ఓడించి యుండెను. లోకము నవ్వినది. ఈ యాటలోను మొదట బోకావారిదే పైచేయి. రెండవ సగమున మూలనుండి వచ్చిన బంతిని క్రిస్టియన్ గ్రే యను యువకుడు తలతో కొట్టి గోలు చేసెను. నడుమ మెఱుపుల భయముచే ఆట కొంతసేపు ఆగెను కాని తుదకు 1-1 గా ముగిసెను. ఆ గ్రే వృత్తిచేత బడిలో పాఠము చెప్పువాడని మా వారు చెప్పునప్పుడు వారి గొంతులోని గర్వము దాచినను దాగలేదు. "పది గోళ్ళు తిన్నోళ్ళు మళ్ళీ వచ్చి నిలబడినారే!" అని అత్తగారు ఆశ్చర్యపడిరి. పిల్ల మాటాడక జేజి మొగమునే చూచుచుండెను.

మఱునాడు కడప చేరితిమి. దేవుని కడపలో వేంకటేశ్వరుని సేవించి, పెద్ద దర్గాలో హిందువులును ముసల్మానులును ఒకే వరుసలో నిలిచి మ్రొక్కుట చూచితిమి. ఈ మండలమువారికి ఆడుదాని ప్రతిభ క్రొత్త కాదు. కుమ్మరి యింటి మొల్ల రామాయణము వ్రాసినది, తాళ్ళపాక తిమ్మక్క సుభద్రాకల్యాణము రచించినది యీ నేలనుండియే. కాలువ కడపటి భాగమును చూచునప్పుడు మాకు తోచిన మాట యిది. ఆ 32 జట్లలో యూరపువి 12, ఆసియావి 4, న్యూజిలాండు వైపునుండి ఒక్కటి. 2012 తరువాత యూరపు జట్టు తప్ప వేఱొకటి ఆ కప్పు గెలిచినది లేదు. ధనమును శిక్షణయును కాలువ మొదట నిండుగా పాఱి, చివర తడి మాత్రము మిగులుచున్నవి. కాని చివరి మళ్ళలోను పైరు పండుటకలదు. 2025లోనే సౌదీ దేశపు అల్ హిలాల్ జట్టు ఇంగ్లండు దేశపు మాంచెస్టర్ సిటీని 4-3 తో ఓడించినది.

భారతదేశపు క్లబ్బేదియు ఇంతవఱకు ఆ పోటీకి పోలేదు. మన తెలుగునేలకు మాత్రము ఈ యాట పాతచుట్టమే. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అను ఉపాధ్యాయుడు నగర పోలీసు జట్టును తీర్చిదిద్దగా, వారు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచిరి. ఆయనయే భారతజట్టునకు శిక్షకుడై 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణము తెప్పించి, 1963లో పరమపదించెను. 2022లో హైదరాబాదు క్లబ్బు దేశపు లీగు గెలిచినది కాని, 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయెను. మా పొరుగున అనంతపురములో, 1969లో వచ్చిన స్పెయినువాడు విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన సంస్థ బాలురకును బాలికలకును ఫుట్‌బాలు నేర్పుచు వచ్చినది.

ఆడువారి సంగతి యింకను వినదగినది. 2025 అక్టోబరులో ఆరు ఖండముల మహిళా క్లబ్బు విజేతలకును ఒక పోటీ మొట్టమొదట ఏర్పడినది. దాని తొలియాట చైనా దేశపు వుహానులో జరిగెను. ఆసియా విజేతగా అందు నిలిచినది ఆ వుహాను జట్టే. మఱుసటి నెలలో అదే యూర ఆసియా మహిళా క్లబ్బుల పోటీలో కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టు ఆడెను. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య ఆ క్లబ్బు క్రీడాకారిణియే. 2025లో దేశమందలి ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైనది. తండానుండి ఖండపు విజేతల వాకిలి దాక త్రోవ ఒకటి పడియున్నది.

దసరాకు బావగారి యింటినుండి జాబు వచ్చెను. ఆగస్టు వానలకు చెఱువు నిండినది. అత్తగారు, "చెఱువులో మాత్రం వద్దు, బళ్ళో ఆడపిల్లలతోనే. పదో తరగతి అయ్యేదాకా" అని సెలవిచ్చిరట. ఇది పూర్తి విడుదల కాదు. పదవ తరగతి పిమ్మట ఏమగునో మేమెఱుగము. ఐనను, ఆడపిల్లలు పదునొకండుగురు కుదరలేదని, ఏడుగురితోనే ఆడుచున్నామని ఆ పిల్ల స్వయముగా వ్రాసినది.

తల్లులారా! మన పిల్లలందఱును దేశదేశములు తిరిగి కప్పులు తేవలెనని మేమనము. సాయంకాలమున ఒక గంట నీళ్ళబిందెనుండియు అంట్లనుండియు వారిని విడువుడు. కాలికి గట్టి బూట్లు కొనిపెట్టుడు. బడిలో నలుగురు బాలికలు ఆడుచున్నచో మీ పిల్లను ఐదవదానిగా పంపుడు. ఆ పల్లె బడిలో ఇంకను నలుగురు తక్కువగా నున్నారు.