పదహారణాల లెక్క

మా నాన్నగారు పాటలకు మార్కులు వేసేవారు కారు, అణాలు వేసేవారు. పదహారణాలు అంటే వంక పెట్టడానికి లేనిదని. రికార్డు కొన్న నెలరోజులకు, అంతకు ముందు ఎవరెంత అడిగినా కాదు, అట్ట వెనుక కుడిచేతి మూల పెన్సిలుతో చిన్న అంకె పడేది. చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తా ఆయన. పగలంతా పత్తి తూకాలు రాసిన చేయి రాత్రికి పాటను తూచేది. ఇంట్లో ఉన్నవి పదకొండే రికార్డులు. వాటిలో కొన్నింటికి ఆయన కట్టిన లెక్క పక్కన నా లెక్క కూడా ఒకసారి రాసుకుందామని ఈ ప్రయత్నం. నేను సంగీతం నేర్చినవాణ్ణి కాను, విన్నవాణ్ణి. ఆ సంగతి ముందే మనవి చేసుకుంటున్నాను.

'మల్లీశ్వరి' (1951) దగ్గర మాకిద్దరికీ పేచీ లేదు. పదహారణాలు. కృష్ణశాస్త్రిగారు సినిమాకు పాటలు రాయడం అదే మొదలు. సాలూరి రాజేశ్వరరావుగారు ఆ మాటల మీద బరువు పెట్టకుండా స్వరం కట్టారు. 78 రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలు దాటి ఎక్కువ పట్టదు. ఆ ఇరుకులోనే భానుమతిగారి గొంతులో ఒక పల్లెపిల్ల చిన్నతనం, ఎడబాటు, అంతఃపురం అన్నీ ఇమిడిపోయాయి. తెర లేకుండా విన్నా కథ తెలుస్తుంది. 'మాయాబజార్' (1957) అలా కాదు. అది వింటుంటే నాకు బొమ్మ అడ్డొస్తుంది, కళ్ళు మూసుకున్నా రంగారావుగారు కనిపిస్తారు. కనుక దానికి అణాలు వేయలేను. నాన్నగారు మాత్రం నిస్సంకోచంగా పదిహేను వేశారు.

'శంకరాభరణం' (1980) విషయంలో మా మధ్య చాలాకాలం యుద్ధం నడిచింది. ఆయనది పదిహేను, నాది పన్నెండు. మహదేవన్‌గారికి, బాలుగారికి, వాణీ జయరాంగారికి ముగ్గురికీ జాతీయ పురస్కారాలు తెచ్చిన సంగీతానికి నేను పన్నెండు వేయడం సాహసమే. నా అభ్యంతరం పాటల మీద కాదు, వాటిని శాస్త్రీయ సంగీతమని చెప్పుకుని మురిసిపోయిన మా మీదే. శాస్త్రీయ సంగీతాన్ని సినిమా కొలతకు కుదించి, రిక్షా తొక్కేవాడి నోట కూడా పలికించడం మహదేవన్‌గారి గొప్ప. దాన్ని కచేరీ అనుకున్నవాళ్ళు అసలు కచేరీకి వెళ్ళడం మానేశారు. వాణీ జయరాంగారి పాటలు విడిగా తూస్తే మాత్రం నాకు కాటా పదహారు దగ్గరే ఆగుతుంది.

'గీతాంజలి' (1989) క్యాసెట్టు నేను తెచ్చింది. నాన్నగారు ఒక్కసారి విని, ఎనిమిదణాలన్నారు. నాకు పద్నాలుగు. దాని సంగతి అంతే.

అన్నట్టు, మన ఇళ్ళలో ఆల్బం అంటే చాలాకాలం సినిమాయే. సినిమా కోసం పుట్టిన పాటల్ని తరవాత ఎల్పీ మీదికి చేర్చేవారు. ఎల్పీ కోసమే పుట్టి, ఇంటింటికీ చేరినవి తక్కువ. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం (1963) ఒకటి. రెండోది ఘంటసాలగారి భగవద్గీత. నేను అసలు రాయదలచుకున్నది దీని గురించే.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాలగారు పోయారు. రికార్డు ఆ తరవాత వచ్చింది. నాన్నగారు దాన్ని గుంటూరు నుంచి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. నెల తిరిగాక అట్ట మీద పడిన అంకె పద్నాలుగు. నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది. "గీతకే రెండణాలు కోశావట్రా!"

"కోసింది గీతకి కాదమ్మా, రికార్డుకి" అన్నారాయన.

ఆయన ఫిర్యాదు ఏమంటే, శ్లోకం అందుకున్న వేడి, వెంటనే మామూలు మాటల్లో వచ్చే తాత్పర్యం దగ్గర చల్లారిపోతుందని. అయినా రోజూ తెల్లవారగానే అదే పెట్టేవారు.

తరవాత మా ఊరికి మైకులూ క్యాసెట్లూ ఎక్కువయ్యాయి. సుబ్బులక్ష్మిగారి గొంతుకు గుడి మైకు దొరికింది, తెల్లవారుజాము దక్కింది. ఘంటసాలగారి గొంతుకు చావింటి ముందు షామియానా దక్కింది. ఎవరు నిర్ణయించారో ఎవరికీ తెలియదు. మెల్లగా అది తెలుగునాట ఆచారమైపోయింది. ఒకరోజు పొద్దున్నే పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, "వదినా, ఎవరైనా పోయారా?" అని మా అమ్మను అడిగింది. మర్నాడు ఇంకొకరు. అమ్మ తట్టుకోలేక, "ఇంట్లో అది వద్దండీ" అంది. నాన్నగారు వాదించలేదు. ధ్వని బాగా తగ్గించి, పెట్టెకు చెవి ఆనించి వినేవారు. కొన్నాళ్ళకు అదీ మానేశారు.

2006లో ఆయన పోయినప్పుడు వ్యాను వచ్చింది. ఎవరూ చెప్పకుండానే డ్రైవరు క్యాసెట్టు పెట్టాడు. టేపు సాగిపోయి ఉంది. ఘంటసాలగారి గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు వంకరలు తిరుగుతోంది. ఆ స్థితిలో దానికి నాన్నగారు నాలుగణాలు కూడా వేసేవారు కారు. ఆపమన్నాను. "గీత లేకుండా సాగనంపుతావట్రా మీ నాన్నని?" అన్నారు మా పెద్ద మేనమామ. కారణం చెప్పడానికి నోరు రాలేదు. టేపు సాగిందని చెబితే ఆ సమయాన ఎవరికి అర్థమవుతుంది? శ్మశానం దాకా చెప్పుల చప్పుడు తప్ప మరేమీ లేకుండా నడిచాం. మామయ్య సంవత్సరంపాటు నాతో మాట్లాడలేదు. నేను చేసింది తప్పేనేమోనని ఇప్పటికీ కొన్ని రాత్రులు అనిపిస్తుంది.

అప్పటినుంచి ఆ రికార్డు జోలికి పోలేదు. మొన్నీమధ్య ప్లేయరుకు కొత్త ముల్లు దొరికితే, ఒక మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని పెట్టాను. నాన్నగారు రెండణాలు కోసిన చోటే నా చెవి నిలిచిపోయింది. శ్లోకాలలో ఉన్నది గాయకుడు. ఎన్టీఆర్‌కూ ఏఎన్నార్‌కూ పాడిన ఆ గొంతు మనకు తెలిసినదే. తాత్పర్యం చెప్పేటప్పుడు ఆ గాయకుడు పక్కకు తప్పుకుంటాడు. యాభై ఒక్క ఏళ్ళకే వెళ్ళిపోబోతున్న మనిషి ఒకడు, పక్కన కూర్చున్నవాడికి మాత్రమే వినబడేలా, తొందర లేకుండా చదువుతున్నట్టుంటుంది. పెట్టెకు చెవి ఆనించి వినవలసింది అదే. నాన్నగారు చివరికి విన్నదీ అలాగే కదా!

నా లెక్క పదిహేను. ఆ ఒక్క అణా ఎందుకు ఆపానంటే, ఏడువందల శ్లోకాలలోంచి ఏరుకున్న క్రమంలో అర్జునుడి విషాదం త్వరగా దాటిపోతుంది. అతను ఇంకాసేపు ఏడవవలసింది.

పెన్సిలు తీసి పద్నాలుగు పక్కన పదిహేను రాశాను. మొదటి వైపు అయిపోవచ్చింది. అప్పుడు తలుపు చప్పుడైంది. ఎదురింటి కుర్రాడు చెప్పులు విడిచి, తల వంచుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అంకుల్, ఎవరైనా..."

ఎవరూ పోలేదని చెప్పి, వాణ్ణి లోపల కూర్చోమని, రికార్డు రెండో వైపు తిప్పాను.