సున్నకు చోటు

సున్న అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. లెక్కల అయ్యవారికి అది అంకె. నాబోటి తెలుగు అయ్యవారికి అనుస్వారం. నిండుసున్న, అరసున్న అంటూ ముప్ఫైయేళ్ళపాటు పిల్లలతో కుస్తీ పట్టినవాణ్ణి. దీనికి మూడవ అర్థం ఒకటి ఉన్నదని ఉద్యోగవిరమణ తరువాతగాని తెలియలేదు. సీ భాషలో ప్రోగ్రాములు వ్రాసేవారు, అక్షరాల వరుస ఇక్కడితో ముగిసింది అని యంత్రానికి తెలపడానికి చివర ఒక సున్న నుంచుతారు. అది తెరమీద కనబడదు, అచ్చులో పడదు. అయినా దానికీ ఒక గది కావాలి. ఆ ఒక్క గదిని లెక్కలో చేర్చకపోతే ఏమవుతుందో చెప్పుకోవడానికే ఈ టపా.

వృత్తిపదాల జాబితా ఒకటి కూరుస్తున్నాను. సేద్యపు మాటలు, వంటింటి మాటలు, మగ్గం మాటలు. పాత విద్యార్థులు తమ తమ ఊళ్ళనుండి పంపుతుంటారు. వారి స్నేహితులూ పంపుతుంటారు. వచ్చినవన్నీ జేసన్ అనే ఒకే రూపంలోకి తెచ్చి, జేక్యూ అనే పనిముట్టుతో చెరుగుతాను. చెరగడం అనే మాట తెలిసే వాడాను. అది అచ్చంగా చేటవంటిది. నల్లతెరమీద ఒక్క పంక్తి ఆజ్ఞ టైపు చేస్తే వేల పదాలలోనుండి కోరినవి ఇటు, అక్కరలేనివి అటు పడతాయి. స్టీఫెన్ డోలన్ అనే ఆయన 2012లో దీనిని లోకానికిచ్చాడు. ఉచితం. నాకు దీనిని పరిచయం చేసినవాడు మా మేనల్లుడు.

ఈ చేటకు అక్షరమంటే ఏమిటో మన లెక్క వేరు, దాని లెక్క వేరు. 'స్త్రీ' అన్నది ఛందస్సులో ఒక్క అక్షరం, ఒక్క గురువు. జేక్యూను 'లెంగ్త్' అని అడిగితే ఆరు అంటుంది: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈత్వం. 'యూటీఎఫ్8బైట్‌లెంగ్త్' అని అడిగితే 18 అంటుంది, యూనికోడ్ తెలుగులో ఒక్కొక్క గుర్తుకు మూడేసి గదులు కావాలి గనుక. మొదట నాకు కోపం వచ్చిన మాట నిజం. తరువాత ఆలోచిస్తే, సంచి కుట్టేవాడికి కావలసిన కొలత ఆ పద్ధెనిమిదే గాని మన ఒకటి కాదు గదా అనిపించింది.

ఆ సంచి కొలతలోనే ఉంది తంటా అంతా. 2015లో బయటపడిన లోపం, సీవీఈ-2015-8863 అని దానికి సంఖ్య వేశారు, ఇటువంటిదే. చదువుతున్న మాటను జేక్యూ ఒక సంచిలో వేసుకుంటూ పోతుంది. సంచి నిండితే పెద్దది చేసుకుంటుంది. బాగానే ఉంది. కాని ఒక పొడవాటి సంఖ్య వచ్చి సరిగ్గా సంచి అంచుదాకా నిండి ఆగిపోయిందనుకోండి. ముగింపు సున్న ఎక్కడ కూర్చోవాలి? పక్కగదిలో కూర్చుంది. పక్కగది మరొకరిది! సీ భాష 'ఎవరు నాయనా నువ్వు' అని అడగదు. వ్రాయమన్నచోట వ్రాసి ఊరుకుంటుంది. దిద్దుబాటు ఒక్క పంక్తి: సంచి పూర్తిగా నిండేదాకా ఆగక, ఒక్క గది మిగిలి ఉండగానే పెద్దది చెయ్యి అని. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకు ఇరవైయొకటి. ఆ ఒక్క అక్షరంతో వృత్తమే వేరైపోయి యతిస్థానం పదినుండి పదకొండుకు జరుగుతుంది. కనుక 'ఒక్కటే గదా' అనే మాట మావంటి వారి దగ్గర చెల్లదు.

పక్కగదిలో పడితే ఏమిటి నష్టం? తరచుగా ప్రోగ్రాము కూలి ఆగిపోతుంది, అంతే. అప్పుడప్పుడు ఆ పక్కగదిలో ఏమి వ్రాయాలో ఫైలు పంపినవాడే నిర్ణయించగల స్థితి ఏర్పడుతుంది. అదే భయం. నాకు జాబితాలు పంపేవారిలో దుర్మార్గులెవరూ లేరు. కాని నేను ముఖం చూడనివారు చాలామంది ఉన్నారు.

ఇంతకన్న నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొక కథ. సంఖ్యకానిది అనే ఒక సంఖ్య ఉన్నదట! విలువ తేలని లెక్కకు యంత్రం ఇచ్చే పేరు, నాన్ అంటారు. దానికి తోకగా అంకెలు తగిలించే వీలు కూడా ఉన్నది. పెద్ద సంఖ్యలలో ఒక్క అంకె కూడా పోకుండా కాపాడాలన్న సదుద్దేశంతో 2023 సెప్టెంబరులో 1.7వ కూర్పులో కొత్త ఏర్పాటు చేశారు. ఆ తోకగల సంఖ్యకానిదానిని మరొకదానితో పోల్చినపుడు హద్దు దాటింది. డిసెంబరులో 1.7.1 తెచ్చి పోలిక దగ్గర దిద్దారు. కొన్నాళ్ళకు అదే తోక, ఈసారి తీసివేత దగ్గర, హద్దు దాటుతున్నదని తేలింది; 2024 సంఖ్యతో అది మళ్ళీ నమోదైంది. చివరకు 2025 జూన్‌లో వచ్చిన 1.8.0లో, తోకగల సంఖ్యకానిదానిని లోపలికే రానివ్వకుండా గుమ్మం దగ్గరే త్రిప్పిపంపడం మొదలుపెట్టారు. వ్యాకరణం చదివినవారికి ఇందులో కొత్త లేదు. ప్రయోగం కనబడినప్పుడల్లా అపవాదం చేర్చుకుంటూ పోవడం ఒక పద్ధతి. సూత్రాన్నే నిషేధంగా తిరిగి వ్రాయడం మరొకటి. రెండవది కష్టం, ఎందుకంటే ఎవరో ఒకరు ఆ ప్రయోగాన్ని వాడుతూ ఉంటారు.

అదే 1.8.0, కాలాన్ని అక్షరాలలో వ్రాసే చోట మరొక తప్పును వెంటబెట్టుకొని వచ్చింది. ఖాళీచేసి తాళం అప్పగించిన అద్దె ఇంట్లోకి మళ్ళీ వెళ్ళి అలమర వెదికినట్లు, విడిచిపెట్టిన గదిని తిరిగి చదవడం. సరిగ్గా నెలకు, జూలై 1న, 1.8.1లో దిద్దారు.

ఈ దిద్దేవారెవరు? జీతగాళ్ళు కారు. 2018 నవంబరులో 1.6 వచ్చాక దాదాపు అయిదేళ్ళు కొత్త కూర్పే లేదు. 2023లో మరికొందరు చెయ్యివేసి పనిని మళ్ళీ కదిలించారు. కడపలో బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి తాళపత్ర ప్రతులు సరిచూపించాడు, వారికి జీతమైనా ఉండేది. వీరూ పరిష్కర్తలే. మంచి పరిష్కర్త పని పాఠకుడికి కనబడదు, తప్పు మిగిలితేనే అతని పేరు గుర్తుకొస్తుంది. ఇది నాకు అన్యాయమనిపిస్తుంది.

"మామయ్యా, మీ యంత్రంలో 1.6 ఉందని కంగారుపడకండి. లినక్సు పంపిణీవాళ్ళు పాత కూర్పుకే అతుకు వేసి, అంకె మార్చకుండా పంపుతారు" అన్నాడు మేనల్లుడు. నిజమే. అంకె ఒక్కటే చూసి లోపమున్నదనీ చెప్పలేము, లేదనీ చెప్పలేము. పంపిణీవారి మార్పుల జాబితా చూడాలి. చూశాము. ఒకదానికి అతుకు ఉన్నది, మరొకదానికి కనబడలేదు. 1.8.1 తెచ్చి పెట్టమన్నాను. "మీరు చెరిగేవి మాటలు మామయ్యా, బ్యాంకు లెక్కలు కావుగా!" అని నవ్వాడు.

అతనికి చెప్పలేదుగాని, ఆ వారమే భూదాన్ పోచంపల్లి వైపునుండి ఒక పాత విద్యార్థి ఫైలు వచ్చింది. వాళ్ళమ్మగారు మగ్గం మీద కూర్చుని చెబుతూ ఉండగా వ్రాసుకున్న నాలుగు వందల పైచిలుకు మాటలు. పడుగు, పేక, నాడె, కండె, ఆసు మనకు తెలిసినవే. తక్కినవాటిలో సగం ఏ నిఘంటువులోనూ నాకు దొరకలేదు. ఆమె కిందటేడు పోయారు. "సార్, నా దగ్గర ఇది ఒక్కటే ప్రతి ఉంది" అని వ్రాశాడు.

మూలాన్ని రెండుచోట్ల భద్రపరచి, నకలును మాత్రమే కొత్త చేటలో పోశాను. పోసినవెన్నో వచ్చినవెన్నో లెక్క సరిపోయింది. ఆసు పోసేటప్పుడు చెయ్యి అటూ ఇటూ తిరగడానికి ఆమె చెప్పిన మాట ఒకటున్నది. దాని వ్యుత్పత్తి ఇంకా తేలలేదు, వెదుకుతున్నాను.