జల్లెడ కన్నాలు

మార్కాపురం పలకల ఊరని మీకు తెలియనిది కాదు. మా వారిదీ చిన్న పలకల యూనిట్టే. బళ్ళలో పలకా బలపం వాడకం తగ్గాక గోడలకు, నేలకు వేసే పలకలు కోయిస్తున్నాం. ఆర్డర్లన్నీ ఈమెయిల్లోనే, ఆ పని నాది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి మెయిల్ తెరిస్తే చాలు, లాటరీ తగిలిందనీ, అప్పిస్తామనీ ఒకటే చెత్త!

గిద్దలూరు నుంచి వచ్చిన మేనల్లుడితో మొర పెట్టుకున్నాను. "మన వెబ్‌సైటు సర్వర్లో స్పామ్ అసాసిన్ అని ఒక జల్లెడ ఉందత్తా! వచ్చిన ప్రతి ఉత్తరానికీ అనుమానం మార్కులు వేస్తుంది. 5 వచ్చాయంటే చెత్త కిందే లెక్క" అని అమర్చి వెళ్ళాడు.

నేనూరుకున్నానా? ఇంకా శుభ్రంగా ఉండాలని ఆ 5 తీసి 2 చేశాను. చెత్తను దానంతటదే చెరిపేసేట్టు కూడా పెట్టాను. పెట్టె కడిగిన గిన్నెలా తయారైంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడో వారంలో చెన్నై పాత పార్టీ ఫోను. "ఏమ్మా, రెండుసార్లు ఆర్డరు రాస్తే పలకరేంటి? వేరేచోట చెప్పేసుకున్నాం!" గుండె జారిపోయింది. ఆయన రాసేదంతా 'అర్జెంటు' అని క్యాపిటల్ అక్షరాల్లోనే. మార్కులు పడి ఉంటాయి. మా యూనిట్లో ఆడవాళ్ళకు నాలుగు రోజుల కూలి పోయింది. వాళ్ళ ముఖం చూడలేకపోయాను.

"పిండి జల్లెడలో రవ్వ పోస్తే నూకతోపాటు రవ్వా పైనే ఉండిపోదా అత్తా?" అన్నాడు మేనల్లుడు. మళ్ళీ 5 చేశాం. చెరిపేయడం మాన్పించి, చెత్తను విడిగా ఒక పెట్టెలో పడేట్టు పెట్టాం. పార్టీలు, బ్యాంకు, లారీ ఆఫీసు, ఆడిటరు చిరునామాలు వైట్‌లిస్టులో రాశాం. వీళ్ళు మనింటి చుట్టాలన్నమాట, గుమ్మంలో ఆపరు. అలాగని 'జీమెయిల్ డాట్ కామ్' అని మొత్తం రాస్తే దొంగక్కూడా తలుపు తీసినట్టే!

మీలో జీమెయిల్ వాడేవాళ్ళు వారానికోసారి స్పామ్ పెట్టె తొంగిచూడండి. అందులోవి 30 రోజులకు వాటంతటవే పోతాయి. పిల్లల ఇంటర్వ్యూ ఉత్తరం అందులో ఉండొచ్చు. కనిపిస్తే 'నాట్ స్పామ్' నొక్కండి.

మొన్న చెన్నై ఆయన మళ్ళీ చిన్న ఆర్డరు రాశారు. ఈసారీ అన్నీ క్యాపిటల్ అక్షరాలే. అయినా తిన్నగా లోపలికొచ్చింది!