ఉత్తరం రాగానే తిరగబడే బాణం

మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు వచ్చే దారి దాదాపు నేరుగా ఉత్తరానికే. మలుపుల్లో కాసేపు పడమరకు, కాసేపు తూర్పుకు మొగ్గుతుంది, అంతే. ప్రయాణికులకు ఇందులో విశేషమేమీ కనిపించదు. మా అక్క కొడుక్కి మాత్రం ఈ దారి వారం రోజులు నిద్ర లేకుండా చేసింది.

వాడు కోదాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కాలేజీ బస్సు ఎక్కడుందో తల్లిదండ్రులకు సెల్‌ఫోన్‌లో చూపించే ప్రోగ్రాం రాశాడు. బస్సు ఎటు వెళ్తుంటే మ్యాపు మీద బాణం అటు చూస్తుంది. కోదాడ, సూర్యాపేట మధ్య హైవే మీద చక్కగా పనిచేసింది. మిర్యాలగూడ బస్సుకు పెట్టాకే వచ్చింది తంటా. ఓ సాయంత్రం సూర్యాపేటలో కూతురి కోసం ఎదురుచూస్తున్న తల్లికి, బాణం వెనక్కి మిర్యాలగూడ వైపు తిరిగి కనిపించింది. చీకటి పడే వేళ. కంగారుపడి డ్రైవరుకు ఫోన్ చేసింది. బండి నడుపుతూనే ఎత్తాడతను! అదృష్టం బాగుంది, ఏమీ కాలేదు.

"బస్సు మంచిగనే వస్తుంది చిన్నమ్మా, నా లెక్కే ఎక్కడో తప్పుతుంది" అన్నాడు వాడు.

దిక్కుల్ని కంప్యూటర్ డిగ్రీల్లో చదువుతుంది. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. ఉపగ్రహాల నుంచి వచ్చే లెక్క కాస్త అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, వెంటవెంటనే వచ్చిన రెండు అంకెల సగటు తీసుకున్నాడు. ఉత్తరానికి వెళ్లే బస్సు ఒకసారి 350 అంటుంది, మరుక్షణం 10 అంటుంది. రెంటినీ కలిపి సగం చేస్తే 180. అంటే దక్షిణం! పొద్దున అదే బస్సు దక్షిణానికి వెళ్లేటప్పుడు 190, 170 వచ్చినా సగటు 180 సరిగ్గానే ఉంటుంది. కోదాడ హైవే ఆగ్నేయం నుంచి వాయవ్యానికి సాగేది కాబట్టి అక్కడ 0 దగ్గరికే రాదు. తప్పు మొదటినుంచీ ఉంది. బయటపడటానికి ఉత్తరపు దారి కావాల్సి వచ్చింది.

గడియారంలో 11 నుంచి 1కి రెండు గంటలే అని చిన్నపిల్లలకూ తెలుసు. రేవతి తర్వాత అశ్విని అనడానికి మన పెద్దవాళ్లెవరూ 26 నక్షత్రాలు వెనక్కి నడవరు. తిథి లెక్కలోనూ చంద్రుడి స్థానం నుంచి సూర్యుడిది తీసేస్తే తక్కువొస్తే 360 కలుపుతారు. అయితే తిథికి ఎప్పుడూ ముందుకే లెక్క. 180 దాటితే కృష్ణపక్షం. బస్సుకు అలా కుదరదు, దగ్గరి దారి కావాలి.

దానికి ఉపాయం చిన్నదే. రెండో దిక్కులోంచి మొదటిది తీసేసి, 540 కలిపి, 360తో భాగించి, శేషంలోంచి 180 తీసేయాలి. 10 లోంచి 350 పోతే మైనస్ 340. 540 కలిపితే 200. 360 కంటే తక్కువ కాబట్టి శేషమూ అదే. 180 తీసేస్తే 20. అందులో సగాన్ని 350కి కలిపితే 360, అంటే అసలు సిసలు ఉత్తరం. 180 కలిపినా చాలదా అంటే, పైథాన్‌లో చాలు. జావా, సీ భాషల్లో మైనస్ అంకెకు శేషం కూడా మైనస్‌లోనే వస్తుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వాడు రాసింది జావాలో.

ఇక మిగిలింది ఒక్కటే. తేడా సరిగ్గా 180 అయితే రెండు వైపులా దూరం సమానమే. ఈ సూత్రం మాత్రం మైనస్ 180 ఇస్తుంది, అంటే ఎడమకు. మన రోడ్ల మీద బస్సులు వెనక్కి తిరిగేది కుడికి. ఆ మాటే అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.