మొక్కజొన్నల సీమలో వాలీబాల్

పిల్లలూ! మీలో వాలీబాల్ ఆడనివారు ఉండవచ్చుగాని, చూడనివారు ఉండరనుకుంటాను. రెండు సరుగుడు కర్రలు పాతి, చిరిగిన వలకు పురికొసతో ముళ్ళు వేసి, పొద్దుగూకే వేళ మన పల్లెల్లో ఆడే ఆట అది. సంక్రాంతికి బల్బులు కట్టి తెల్లవార్లూ పోటీలు కూడా పెడతారు. నేను ముప్పయ్యేళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసి, ప్రధానోపాధ్యాయుడుగా విశ్రాంతి పుచ్చుకున్నవాణ్ణి. ఈ ఆట సంగతి నాకు బాగా తెలుసునని ధీమాగా ఉండేవాణ్ణి. 2023లో అమెరికా వెళ్ళి, అక్కడ ఒక కళాశాల ఆడపిల్లల జట్టు ఆటను ఆగస్టు నుంచి డిసెంబరు దాకా వెంటబడి చూశాక ఆ ధీమా కాస్త తగ్గింది.

మా అమ్మాయీ, అల్లుడూ నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరంలో ఉంటారు. అమెరికా పటం తీసి, నట్టనడుమ వేలు పెట్టండి. ఇంచుమించు అక్కడే నెబ్రాస్కా. సముద్రం లేదు. రోడ్డుకు రెండు ప్రక్కలా కనుచూపు మేర మొక్కజొన్నే. రాష్ట్రం మొత్తం జనాభా ఇంచుమించు ఇరవై లక్షలే. లింకన్ ఆ రాష్ట్రానికి రాజధాని. అక్కడి శాసనసభ భవనానికి 400 అడుగుల గోపురం ఉన్నది. దాని శిఖరం మీద ఎవరి విగ్రహం ఉంటుందనుకున్నారు? రాజూ కాదు, సేనానీ కాదు. ఒడిలోంచి విత్తనాలు తీసి చల్లుతున్న రైతు! నాకది ఎంతో నచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయం జట్లను ‘కార్న్‌హస్కర్స్’ అంటారు. మొక్కజొన్న పొత్తుల పొట్టు ఒలిచేవాళ్ళని అర్థం. ముద్దుగా ‘హస్కర్స్’ అని పిలుచుకుంటారు. వారి రంగు ఎరుపు. పోటీ ఉన్న రోజున పసిపాపల దగ్గర నుంచి పళ్ళూడిన ముసలివాళ్ళ దాకా ఊరంతా ఎర్రచొక్కాలే.

నేను వెళ్ళిన కొద్దిరోజులకే, ఆగస్టు 30వ తేదీన, మా అమ్మాయి మమ్మల్ని ఆటకు తీసుకుపోయింది. వాలీబాల్ అంటే అక్కడ చక్కని చెక్కనేల వేసిన హాలులో ఆడతారు. ఆ రోజు మాత్రం వాళ్ళ ఫుట్‌బాల్ స్టేడియం నడుమ, ఆరుబయట కోర్టు పరిచారు. సాయంత్రం ఏడు గంటలు; ఎండ ఇంకా పోలేదు. ఎదుటి జట్టు అదే రాష్ట్రంలోని ఒమాహా నగరపు విశ్వవిద్యాలయానిది. మేము కూర్చున్న చోటి నుంచి ఆటగత్తెలు చీమలంత కనపడ్డారు. నిజం చెప్పాలంటే ఆటలో పెద్ద పోటీ కూడా లేదు. హస్కర్స్ 25-14, 25-14, 25-13తో మూడు సెట్లూ గెలిచారు. అయినా నేను ఆట కన్నా జనాన్నే ఎక్కువ చూశాను. ఆ సాయంత్రం అక్కడ ఉన్నది 92,003 మంది! అప్పటిదాకా ఆడవారి ఆట ఏదైనా సరే, అధికారిక లెక్కల్లో అంతమంది చూసిన దాఖలా లేదు. అంతకు ముందటి అధికారిక రికార్డు 2022లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో జరిగిన ఫుట్‌బాల్ పోటీది. అక్కడ 91,648 మంది. నా మనవరాలికి ఎనిమిదేళ్ళు. అది జుట్టుకు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, గొంతు బొంగురుపోయేదాకా అరిచింది.

నా ప్రక్కన డెబ్భయ్యేళ్ళ పెద్దావిడ కూర్చున్నది. వాళ్ళది పల్లెటూరు, మొక్కజొన్న సేద్యం. నేను మేష్టరునని తెలిశాక ఆమె నాతో మాట కలిపింది. “మీ చిన్నప్పుడు మీరూ ఆడారా?” అని అడిగాను. “మాకు జట్టు ఎక్కడిది? జిమ్ములోకి మగపిల్లలు వెళ్ళేవారు. మేము బయట నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళం,” అన్నదావిడ.

అమెరికాలో కూడానా అని ఆశ్చర్యపోకండి. 1972లో వాళ్ళ పార్లమెంటు ఒక చట్టం చేసింది. దానిని ‘టైటిల్ నైన్’ అంటారు. ప్రభుత్వం సొమ్ముతో నడిచే చదువుల్లో ఆడ, మగ అనే తేడా చూపరాదని దాని సారం. చిత్రమేమిటంటే, ఆ చట్టం ముఖ్యమైన వాక్యంలో ఆటల మాటే లేదు. కాని ఆటలు కూడా చదువులో భాగమేగదా! అంతకు ముందు వారి ఉన్నత పాఠశాలల్లో జట్లలో ఆడే ఆడపిల్లలు మూడు లక్షలైనా లేరు. మగపిల్లలు ముప్పయ్యారు లక్షలు. ఇప్పుడు ఆడపిల్లలే ముప్పయి లక్షలు దాటారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఆడపిల్లల వాలీబాల్ జట్టు మొదలయింది 1975లో. 1995లో మొదటిసారి జాతీయ విజేతలయ్యారు. తరువాత 2000, 2006, 2015, 2017లలో కూడా గెలిచారు.

సెప్టెంబరులో మా అల్లుడి స్నేహితుడు ఒక పోటీకి వెళ్ళలేక, తన టిక్కెట్లు మాకిచ్చాడు. ఇది జట్టు ఎప్పుడూ ఆడే హాలు. అప్పట్లో సుమారు ఎనిమిది వేలమంది పట్టేవారు. టిక్కెట్లు అక్కడ మామూలుగా దొరకవు. 2001 నుంచి ఈ జట్టు సొంత ఊళ్ళో ఆడిన ప్రతి రెగ్యులర్ సీజన్ పోటీకీ టిక్కెట్లన్నీ అమ్ముడుపోతూనే వచ్చాయట. మేము ముందుగానే పోయి కూర్చున్నాము. ఆట మొదలుకాక ముందు రెఫరీ ఒక కొలకర్ర తెచ్చి, వల నడుమ నిలబెట్టి ఎత్తు చూశాడు. “తాతయ్యా, ఎందుకలా కొలుస్తారు?” అన్నది మనవరాలు. “ఎత్తు సరిగా ఉన్నదో లేదోనని. రెండు మీటర్ల నలభైమూడు సెంటీమీటర్లు ఉండాలి,” అన్నాను, పాఠం చెప్పే గొంతుతో.

“కాదు నాన్నా. అది మగవాళ్ళది. ఆడవాళ్ళకు రెండు మీటర్ల ఇరవైనాలుగు,” అన్నది మా అమ్మాయి.

పంతొమ్మిది సెంటీమీటర్లు తేడా! మూరలో సగం కన్నా తక్కువ. పిల్లలూ, మీకో సంగతి చెప్పాలి. నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజుల్లో పదవ తరగతి అమ్మాయి ఒకతె నా గదిలోకి వచ్చి, “మాస్టారూ, సాయంత్రం ఒక గంట మాకు కూడా వాలీబాల్ కోర్టు ఇప్పించండి,” అని అడిగింది. వెనక మరో ఏడెనిమిది మంది తలుపు చాటున నిలబడ్డారు. నేను ఇచ్చాను. వారంరోజులు ఆడారు. వాళ్ళు కొట్టిన బంతి సగంసార్లు వలకు తగిలేది, లేకపోతే క్రిందనుంచి పోయేది. గట్టుమీద కూర్చున్న మగపిల్లలు నవ్వేవారు. రెండవ వారం నలుగురే వచ్చారు. మూడవ వారం ఎవరూ రాలేదు. ‘బాలికలకు ఆసక్తి లేదు’ అని ఆటల రిజిస్టరులో నేనే నా చేత్తో వ్రాశాను. స్తంభాలకు ఉన్న కొక్కేలు రెండు మీటర్ల నలభైమూడు దగ్గర ఉన్నాయన్న ఆలోచనే నాకు తోచలేదు. వాళ్ళకు టెన్నికాయిట్ రింగు ఒకటి కొనిచ్చి, నా పని అయిపోయిందనుకున్నాను.

ఆనాటి పోటీలో మొదటి సెట్టు ఎలా జరిగిందో అందుకే నాకు గుర్తులేదు.

ఇక ఆట సంగతికి వద్దాము. అక్టోబరు 21న నెబ్రాస్కాకూ, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికీ లింకన్‌లోనే పోటీ. అప్పటికి రెండు జట్లూ ఆ ఏడు ఒక్క ఓటమి కూడా ఎరగవు. మాకు టిక్కెట్లు దొరకలేదు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాము. అయిదు సెట్లూ ఆడవలసి వచ్చింది. మొదటి నాలుగు సెట్లలో 25 పాయింట్లు, అయిదవదానిలో 15 చాలు. ఎప్పుడైనా రెండు పాయింట్ల తేడా ఉండాలి సుమా.

అంతకు ముందు నేను స్మాష్ కొట్టేవాళ్ళనే చూసేవాణ్ణి. అందరూ వాళ్ళనే చూస్తారు. ఆ రోజున నా మనవరాలు, “తాతయ్యా, రెండో తాకుడు చూడు,” అన్నది. ఒక జట్టు బంతిని మూడుసార్లకు మించి తాకరాదని మీకు తెలుసుగదా! రెండవసారి తాకేది సెట్టరు. మన పల్లెల్లో ‘లిఫ్టర్’ అంటామే, ఆ మనిషి. నెబ్రాస్కా సెట్టరు బెర్గెన్ రైలీ. ప్రక్క రాష్ట్రమైన సౌత్ డకోటా నుంచి వచ్చి, ఆ ఏడే కళాశాలలో చేరింది. బంతి ఎటునుంచి వచ్చినా, క్షణంలో దాని క్రిందికి పోయి నిలబడి, ముందుకు ఇస్తుందో వెనక్కు ఇస్తుందో ఎదుటివారికి అంతుపట్టకుండా వేళ్ళతో ఎత్తి పెట్టేది. ఇక వేరే రంగు చొక్కా తొడుక్కున్న పిల్ల ఒకతె ఉంటుంది. ఆమె ‘లిబెరో’, వెనక వరుసలోనే ఆడాలి, స్మాష్ కొట్టరాదు, నేలకు అంగుళం ఎత్తులో ఉన్న బంతిని కూడా పైకి లేపడమే ఆమె పని. నెబ్రాస్కా లిబెరో పేరు లెక్సీ రోడ్రిగ్జ్. ఆడవాళ్ళ వాలీబాల్ అంటే తాడిచెట్లంత వాళ్ళే ఆడాలనుకునేవారు ఈమెను చూడాలి; జట్టులోని పొట్టివాళ్ళలో ఆమె ఒకతె. అంతర్జాతీయ పోటీల్లో లిబెరో సర్వీసు చేయరాదు. అమెరికా కళాశాల పోటీల్లో చేయవచ్చు. అయిదవ సెట్టు నెబ్రాస్కాదే. మా వీధిలో ఎవరో కారు హారన్ అదేపనిగా మోగించారు.

ఆ తరువాత కూడా గెలుస్తూనే పోయి, వరుసగా 27 పోటీలు గెలిచారు. నవంబరు 24న విస్కాన్సిన్ వారి ఊరు వెళ్ళి, వాళ్ళ చేతిలోనే ఓడారు. మరునాడే ఇంకో పోటీ, అందులో గెలిచారు. ఏడ్చుకుంటూ కూర్చునే తీరిక వాళ్ళకు లేదన్నమాట.

డిసెంబరులో జాతీయ పోటీలు. 64 జట్లు, ఒక్కసారి ఓడితే ఇంటికే. బయట మంచు పడుతున్నది. నెబ్రాస్కా వరుసగా అయిదు గెలిచి, డిసెంబరు 17న ఫ్లోరిడాలోని టాంపా నగరంలో టెక్సస్ విశ్వవిద్యాలయంతో ఆఖరి పోటీకి దిగింది. మేమంతా ఎర్రచొక్కాలు వేసుకుని కూర్చున్నాము. నాక్కూడా ఒకటి కొన్నారు. చేతులు కాస్త పొడుగు.

మొదటి సెట్టు 25-22తో టెక్సస్‌ది. రెండవది 25-14. మూడవది 25-11. అంతే! మూడున్నర నెలల శ్రమ గంటన్నరలో తేలిపోయింది. టెక్సస్‌వారు సర్వీసుతోనే కొంప ముంచారు. బంతి తిరగకుండా కొట్టే సర్వీసు ఒకటున్నది. తిరిగే బంతి గాలిలో ఒక దారిన పోతుంది. తిరగని బంతి చుట్టూ గాలి ఒకసారి ఈ ప్రక్క, ఒకసారి ఆ ప్రక్క విడిపోతూ ఉంటుంది. అందుకని బంతి చివరిక్షణంలో వణికినట్లు అటో ఇటో జరుగుతుంది. చేతులు చాపినవారికి అది ఎక్కడ పడుతుందో తెలియదు. మొదటి తాకుడు చెడితే సెట్టరు ఎంత నేర్పరి అయినా ఏమి చేస్తుంది? బంతి వెంట పరుగెత్తడమే ఆమె పని అయిపోయింది.

నా మనవరాలు సోఫాలో మొహం దాచుకుని ఏడ్చింది. టెక్సస్ జట్టులో అస్జియా ఒనీల్ అనే పొడుగాటి పిల్ల ఉన్నది. ఆమెకు అప్పటికే రెండుసార్లు గుండెకు శస్త్రచికిత్స జరిగింది. ఆ సంగతి చెబితే ఊరట కలుగుతుందేమోనని చెప్పాను. “అయితే మనం ఓడిపోవాలా?” అని మరికాస్త ఏడ్చింది. పంతుళ్ళ ఓదార్పు తరచు ఇలాగే ఉంటుంది. మర్నాడు బడి నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా గ్యారేజీ తలుపుకేసి బంతి సర్వీసు చేయడం మొదలుపెట్టింది. రాత్రి భోజనం వేళ దాకా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉన్నది.

నేను జనవరి నెలాఖరుకు ఊరు చేరాను. నేను పనిచేసిన బడి మా ఇంటికి నడక దూరమే. సరుగుడు కర్రలు పోయి ఇనుప గొట్టాలు వచ్చాయి. కొక్కేలు మాత్రం పాత ఎత్తునే ఉన్నాయి. ఇప్పటి ప్రధానోపాధ్యాయిని గారితో మాట్లాడి, వెల్డింగు దుకాణం అబ్బాయిని పిలుచుకు వచ్చాను. నా దగ్గర చదివినవాడే. టేపు పెట్టి, పై కొక్కేలకు పంతొమ్మిది సెంటీమీటర్ల క్రింద ఇంకో జత కొక్కేలు అతికించాడు. పావుగంట పని. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆనాడు నా గదికి వచ్చిన అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఫోను చేసి, కొక్కేల సంగతి, రిజిస్టరులో నేను వ్రాసిన సంగతీ చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, “వల ఎత్తని మాకు మాత్రం ఏం తెలుసు మాస్టారూ? మాకే చేతకాదనుకున్నాం,” అన్నది.

ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం కోర్టు ఆడపిల్లలది. పన్నెండు మంది వస్తున్నారు. బంతి ఒక్కటే ఉన్నది. అది గోడ దాటి చెరువులో పడితే ఆ రోజుకు ఆట ఆగిపోతుంది.

మీ బడిలో కూడా వల ఎత్తు కొలిచి చూడండి. చివరల దగ్గర కాదు, సరిగ్గా నడుమ కొలవాలి. వల అక్కడే జారుతుంది. టేపును నేల మీద నిలువుగా పట్టుకోవడానికి ఒకరు, పైన చదవడానికి బల్ల మీద నిలబడి ఒకరు కావాలి. చిన్న తరగతులవారికి రెండు మీటర్ల ఇరవైనాలుగు కూడా ఎక్కువే. ఇంకా దించి కట్టుకోండి.